అన్నం తిన్నాక చెప్పే మాట

జులై 1, సోమవారం

పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చి వచ్చాను. మూడు వారాలు పడుతుందన్నారు. మార్చిలోనే ఇవ్వాల్సింది. రేపు, ఎల్లుండి అని జరుపుతూ వచ్చి, సెప్టెంబరు సెలవు నెత్తిమీదికి వచ్చాక పరుగెత్తాను. అవ్వకు తెలిస్తే ఏమంటుందో నాకు తెలుసు. అందుకే చెప్పలేదు.

ఖతర్‌లో ఎండలు ముదిరాయి. పది నుంచి మూడున్నర దాకా సైటు బంద్. తుమామాలో బడి కడుతున్నాం, స్టీలు పని నా కింద. పొద్దున నాలుగున్నరకు బస్సు ఎక్కితే పదిన్నరకు మళ్ళీ వక్రా క్యాంపుకు చేరతాం. రూములో అందరూ పడుకుంటారు. నాకు పగటి నిద్ర పట్టదు. కంపెనీ ఇచ్చిన డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. రాస్తే పోయేదేముంది.

జులై 4, గురువారం

అవ్వ పడింది.

ఆరింటికి సైటులో ఉండగా ఇంటి నుంచి నా భార్య శోభ ఫోన్ చేసింది. "మీ అవ్వ జారి పడ్డది. బండ మీద చాట కడుగుతనని పోయింది. నేను కడుగుత అంటే ఇంటదా?" తుంటి ఎముక విరిగింది. కరీంనగర్ తీసుకుపోతున్నారు.

అవ్వ బీడీలు చుట్టడం మానేసి పన్నెండేళ్ళయింది. చాట శోభది. కోడలి చాట మురికిగా ఉందని అత్త కడగబోయింది, ఎనభై రెండేళ్ళ వయసులో. ఇదీ మా ఇల్లు.

పాస్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ చేశాను. మధ్యలో తిరిగి ఇవ్వరట.

జులై 5, శుక్రవారం

సెలవు. అవ్వతో మాట్లాడాను.

వీడియో కాల్ చేస్తే అవ్వ ఫోన్‌ను చెవికి పెట్టుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు. "చెవికి పెట్టకుంటే ఎట్ల ఇనవడుతదిరా?" అంటుంది. అందుకే పదేళ్ళుగా నాకు కనిపించేది అవ్వ చెవి. సాగిన తమ్మె, దానికి గెంటీ, వెనక తెల్లవెంట్రుకలు. ఇవాళ ఆసుపత్రి దిండు మీద అదే చెవి. చూడగానే ధైర్యం వచ్చింది.

"నొప్పి ఉన్నదా అవ్వా?"

"నొప్పి నాకు గాక నీకుంటదా? దుబాయ్‌ల ఎండ ఎట్లున్నది?"

"ఖతర్ అవ్వా."

"ఏదైతేంది, దుబాయే గదా."

ఇరవై రెండేళ్ళుగా ఇదే మాట. ఎంబసీలో అత్యవసరానికి వేరే కాగితం ఇస్తారని, దానికి ఆసుపత్రి వాళ్ళు రాసివ్వాలని మా రూము రత్నాకర్ చెప్పాడు. అదే అవ్వకు చెప్పాను.

"నేను సావబోతున్నని డాక్టరుతోని రాయించుకుంటవా? సిగ్గుండాలె. వచ్చి ఏం జేస్తవ్, తుంటి అతికిస్తవా? పని జేసుకో. పెట్టు ఫోను."

ఆమె వద్దంది కాబట్టి ఆగాను. ఆమె వద్దంది కాబట్టే.

ఇక్కడే దుఖాన్ అనే ఊళ్ళో పనిచేసే ఏసోబు కూడా ఫోన్ చేశాడు. "అవ్వగారు పడిపోయారటగా, మీ నాయనమ్మకి ఎన్నేళ్ళుంటాయి బాబాయ్?" అన్నాడు. వాళ్ళది కాకినాడ వైపు, అక్కడ అవ్వంటే నాయనమ్మ. మా దిక్కు అవ్వంటే కన్నతల్లే అని మళ్ళీ చెప్పాను.

ఎన్నేళ్ళో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆధార్‌లో జనవరి ఒకటి అని వేశారు. "రజాకార్లు వచ్చినప్పుడు నాకు పాలపండ్లు ఊడుతున్నయ్" అంటుంది. దాన్నిబట్టి ఎనభై రెండు అనుకున్నాం. ఆ రోజు అందరూ జొన్నచేలో దాక్కుంటే, ఏడుస్తుందేమోనని వాళ్ళమ్మ ఈమె నోరు గట్టిగా మూసిందట. ఈమె ఆ చెయ్యి కొరికింది. ఎందుకు కొరికినవ్ అంటే, "నేను ఏడ్వకుంటనే ఉంటి గదా, ఊకెనే నోరు మూసుడేంది?" అంటుంది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పదమూడో ఏట పెళ్ళి. మా బాపు భివండి మగ్గాలకు పోయి, నాకు తొమ్మిదేళ్ళప్పుడు అక్కడే చనిపోయాడు. మేనమామలు బండి కట్టుకొని వచ్చారు, తల్లీకొడుకులను తీసుకుపోతామని. అవ్వ వాళ్ళకు అన్నం పెట్టి, "పండుగకు పిలువుర్రి, వస్త" అని పంపేసింది. మర్నాడు ఎప్పటిలా చాట ముందేసుకొని కూర్చుంది. రోజుకు వెయ్యి బీడీలు చేసేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మాట్లాడుతూ, నన్ను తిడుతూ, చూపు చాట మీద లేకుండానే చేసేది.

మా వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు వరుసగా కూర్చొని చేసేవారు. నేను మధ్యలో కూర్చొని పేపరు చదవాలి. మొదటి పేజీ నుంచి చివరి దాకా, సంతాప ప్రకటనలు, సినిమా ప్రకటనలతో సహా. వాళ్ళకు అర్థం కావాలని మా యాసలోకి మార్చి చదివితే అవ్వ కత్తెర పిడితో మోకాలి మీద కొట్టేది. "పేపరోడు ఎట్ల రాసిండో అట్లనే సదువు. మన మాట మాకు రాదా?" ఆమెకు ఓనమాలు రావు. కానీ నేను ఒక వరుస ఎగ్గొడితే పట్టేసేది. నేనివాళ ఇలా పేపరు భాషలో రాస్తున్నానంటే ఆ కత్తెర దెబ్బల వల్లే.

ఇన్ని రాశాను. ఎందుకు రాశానో తెలియదు. తుంటి ఎముకే కదా విరిగింది.

జులై 6, శనివారం

రెండుసార్లు ఫోన్ చేశాను. నిద్రపోతోందట. మందుల వల్ల.

జులై 8, సోమవారం

పొద్దున కోరుట్ల నుంచి ఫోన్. పక్క రూములో ఉండే ఫుర్ఖాన్ వాళ్ళ అన్న గుండె ఆగి పోయాడు.

మా వైపు ఎవరైనా చనిపోతే ఇక్కడున్న మనిషికి నేరుగా చెప్పరు. రూములో పెద్దవాడికి ఫోన్ చేసి, "ముందు అన్నం తినిపియ్యుర్రి, తర్వాత చెప్పుర్రి" అంటారు. విన్నాక రెండు రోజులు మెతుకు ముట్టడు కాబట్టి. ఈ క్యాంపులో ఆ పెద్దవాడిని నేను. ఫుర్ఖాన్‌తో కలిపి పన్నెండు మందికి ఇలా చెప్పాను.

దీనికీ పద్ధతి ఉంది. తినేటప్పుడు వాడి ముఖంలోకి చూడకూడదు. రోజూ ఎంత పెడతామో అంతే పెట్టాలి. ఎక్కువ బతిమాలితే పసిగడతాడు. చెయ్యి కడుక్కొని తుడుచుకున్నాక కూర్చోబెట్టి ఒక్క మాటలో చెప్పాలి. సీరియస్‌గా ఉందని నాన్చకూడదు. రత్నాకర్‌ను పక్కన పెట్టుకొని నేర్పిస్తున్నాను. వాడి తప్పు ఒక్కటే, బతిమాలతాడు. ఇవాళ కూడా ఫుర్ఖాన్ కంచంలో మూడోసారి కూర వేయబోతుంటే కళ్ళతోనే ఆపాను.

ఫుర్ఖాన్ విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రేపటికి టికెట్ దొరికింది.

ఏసోబు గుర్తొచ్చాడు. నాలుగేళ్ళ కింద వాళ్ళ నాన్న పోతే చెప్పడానికి దుఖాన్ దాకా బస్సులో పోయాను. కంపెనీ క్వార్టర్స్ దగ్గర దిగుతున్న నన్ను దూరం నుంచే చూసి వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు. "నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది బాబాయ్. నేను తినను, నువ్వు చెప్పకు." వంటవాడు, అరవై మందికి వండి పెట్టే మనిషి. సాయంత్రం దాకా తినలేదు. ఎంత మొండివాడు అనుకున్నాను.

జులై 10, బుధవారం

ఈ వయసులో మత్తు తట్టుకోలేదని ఆపరేషన్ వద్దన్నారట. మంచిదే. కోత లేకుండా అతుక్కుంటే అంతకన్నా ఏం కావాలి.

జులై 11, గురువారం

అవ్వను ఇంటికి తెచ్చారు. ఇంటికి పంపారంటే తగ్గుతున్నట్టే. రత్నాకర్‌తో అదే అన్నాను. "అంతేనన్నా" అన్నాడు, తల వంచుకొని బూట్లు విప్పుకుంటూ.

జులై 12, శుక్రవారం

ఇవాళ అవ్వ రెండు మాటలే మాట్లాడింది. "తిన్నవా? పండుకో." గొంతు ఎక్కడో లోపలి నుంచి వచ్చింది. చెవి మాత్రం స్పష్టంగా కనిపించింది.

ఆమె గొంతు ఎలాంటిదో రాసి పెట్టుకోవాలి. బీడీ కార్ఖానాలో కట్టల లెక్క చూసే మునీమ్ ఒకడుండేవాడు. ఆడవాళ్ళు తెచ్చిన కట్టల్లోంచి కొన్ని ఏరి, బాగా లేవని పక్కన పడేసేవాడు. వాళ్ళు వెళ్ళాక అవే కట్టలు మంచి వాటిలో కలిసిపోయేవి. అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు. ఒకరోజు అవ్వవి నాలుగు కట్టలు తీసి పడేశాడు. నేను ఏడో తరగతి, సంచి మోయడానికి వెంట పోయాను. అవ్వ ఆ నాలుగు కట్టలూ ఏరుకొని అక్కడే గడప మీద కూర్చుంది. ఒక్కొక్క బీడీ దారం విప్పి, ఆకు విడదీసి, తంబాకు దులపడం మొదలుపెట్టింది. నూరు బీడీలు. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఆమెను దాటాలి. "ఏం జేస్తున్నవే గంగామణీ?" అని వాడు అరిస్తే, "మంచిగ లేవంటివి గద. మంచిగ లేనియి నీకూ అక్కెర లేవు, నాకూ అక్కెర లేవు" అంది, కార్ఖానా అంతా వినిపించేలా. వెనక లైనులో ఇద్దరు ముగ్గురు కూడా కూర్చున్నారు. వాళ్ళూ విప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వాడు అవ్వ కట్టల జోలికి రాలేదు.

ఇంటికి వస్తూ దారంతా నేను నవ్వుతుంటే నన్నూ తిట్టింది. చేతికొచ్చిన పని చెడగొట్టుకున్నాను, నీకు నవ్వులాటగా ఉందా అని. ఆ రాత్రి మళ్ళీ నూరు చుట్టింది.

నేను గల్ఫుకు బయలుదేరినప్పుడు, రెండువేల రెండులో, ఊరు ఊరంతా బస్సు దాకా వచ్చింది. అవ్వ రాలేదు. చాట ముందు నుంచి లేవలేదు, తల ఎత్తలేదు. "పోయి రా" అంది. తర్వాత సెలవుకు వచ్చి పోయిన ప్రతిసారీ అంతే. చాలా ఏళ్ళు ఇంత కఠినమేమిటని బాధపడ్డాను. నేను పోయిన రోజుల్లో ఆమె చేసిన బీడీలు ఒక్కటీ నిలిచేవి కావని, దారం జారి అన్నీ ఊడిపోయేవని శోభ చాలా కాలం తర్వాత చెప్పింది.

శోభ ఈ ఇంటికి వచ్చి ముప్ఫై ఏళ్ళు. వచ్చిన రోజు నుంచి ఇద్దరికీ పడదు. ముగ్గు దగ్గర, మజ్జిగ దగ్గర, తలుపు వేసిన చప్పుడు దగ్గర. నాకు ఇద్దరూ ఫోన్‌లో ఒకరి మీద ఒకరు చెప్పేవారు, పక్కపక్కనే కూర్చొని. మాకు పిల్లలు కలగలేదు. పెళ్ళయి ఎనిమిదేళ్ళప్పుడు మా పాలోళ్ళు, అంటే దాయాదులు, నలుగురు కలిసి అవ్వ దగ్గరికి వచ్చారు, రాజనర్సుకు ఇంకో సంబంధం చూద్దామని. శోభ లోపల వింటూ ఉంది. అవ్వ చీపురు తీసింది. "నా కోడలిని నేను తిడుత. ఇంకొకలు ఒక్క మాటన్న ఊకోను. నడువుర్రి." వాళ్ళు పోయాక లోపలికి వచ్చి, పాలు పొంగిపోతుంటే చూడవా అని శోభను తిట్టిందట. ఇది కూడా శోభే చెప్పింది. చెప్తూ కళ్ళు తుడుచుకుంది.

జులై 14, ఆదివారం

"మంచిగనే ఉన్నది. పొద్దున నన్ను తిట్టింది" అంది శోభ.

"ఏమని?"

"జావ పలుచగున్నదట."

హమ్మయ్య. ఇవాళంతా హుషారుగా పని చేశాను.

జులై 15, సోమవారం

ఇవాళ ఏమని తిట్టిందని అడిగాను. "ఏమనలేదు" అంది. అలసిపోయి ఉంటుంది.

జులై 16, మంగళవారం

"అత్తమ్మ పండుకున్నది" అంది శోభ.

ముప్ఫై ఏళ్ళుగా నాతో 'మీ అవ్వ' అనే అంటుంది. మీ అవ్వ అన్నది, మీ అవ్వ చేసింది. ఇవాళ అత్తమ్మ. ఒకసారి ఫోన్ అటు తిప్పి ముఖం చూపించమన్నాను. నెట్ సరిగ్గా లేదంది. శోభ ముఖం మాత్రం బాగానే కనిపించింది.

మా రూములో జహాంగీర్ ఇవాళ రోజా ఉపవాసం ఉన్నాడు, మొహర్రం పదో రోజని. బంగ్లాదేశ్ మనిషి. ఎండలో రోజా ఏంటయ్యా అని మందలించాను. నవ్వాడు.

పాస్‌పోర్టు ఇంకా రాలేదు.

జులై 17, బుధవారం. పన్నెండు గంటలు

పొద్దున ఏడింటికి సైటులో రత్నాకర్‌కు ఫోన్ వచ్చింది. నాకు పది అడుగుల దూరంలో ఉన్నవాడు ఫోన్ చెవికి పెట్టుకొని స్టీలు కట్టల వెనక్కి పోయాడు. తిరిగి వచ్చి హెల్మెట్ సరిచేసుకున్నాడు. ఎవరని నేను అడగలేదు. శోభకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. గేదెకు గడ్డి వేస్తూ ఉంటుంది.

రూముకు రాగానే రత్నాకర్ కోడికూర వండాడు. ఎప్పుడూ బూట్లు విప్పకముందే నిద్రపోయే మనిషి. నా కంచంలో రోజూ కన్నా రెండింతలు అన్నం పెట్టాడు.

"తిందాం పా అన్నా. సల్లారిపోతది. నీ కోసమే వండిన. జెర తినన్నా."

వీడికెన్నిసార్లు చెప్పాను, బతిమాలకూడదని.

"ఇవాళ తొలి ఏకాదశిరా. నీసు వండుతవా? నేను ఒక్కపొద్దున్న" అన్నాను.

ఈ క్యాంపులో నేను ఒక్కపొద్దు ఉండటం ఎవరూ చూడలేదు. "ఎప్పటి సందన్నా?" అన్నాడు.

"ఇప్పటి సంది."

రెండు గంటలు

కోడికూర పక్క రూముకు ఇచ్చేసి పప్పు వండాడు. "ఒక్కపొద్దంటే ఒక్కపూట తినాలె గదన్నా. ఇగ తిను."

"నాది కటిక ఉపాసం."

జహాంగీర్ మంచం మీద కూర్చొని మమ్మల్నిద్దరినీ చూస్తున్నాడు. ఎవరూ నిద్రపోలేదు.

ఏకాదశి నాడు అవ్వ పేలాలు పట్టించి బెల్లం కలిపి దంచేది. ఆ పిండి నా చొక్కా జేబులో పోసేది. బడికి పోతూ జేబులో చెయ్యి పెట్టి తింటూ పోయేవాణ్ణి. జేబు పురుగులు పడుతుందని తనే తిట్టేది, పోసింది తనే. ఇవాళ కూడా పేలాలు అడిగి ఉంటుంది. శోభ తెచ్చి ఉంటుంది. పిండి గరుకుగా ఉందని అని ఉంటుంది.

నాకు అవ్వ కావాలి. యాభై నాలుగేళ్ళున్నాయి, మీసం నెరిసింది, నా కింద పదహారు మంది పని చేస్తారు. నాకు మా అవ్వ కావాలి.

ఆరు గంటలు

డ్యూటీకి పోయి వచ్చాను. రత్నాకర్ నాకో మాట చెప్పాలి. నేను తినేదాకా వాడు చెప్పడు. అలా నేర్పింది నేనే. నేను తినను.

జులై 18, గురువారం. మధ్యాహ్నం

అయిపోయింది. వరుసగా రాస్తాను.

పొద్దున టీ కూడా తాగకుండా బస్సెక్కాను. ఎనిమిదిన్నరకు కడ్డీల లెక్క చూస్తుంటే కళ్ళు తిరిగాయి. జహాంగీర్ పట్టుకొని నీడలో కూర్చోబెట్టాడు, తల మీద నీళ్ళు పోశాడు. తన సంచిలోంచి ఖుబ్బూస్ రొట్టె తీసి తుంచి నా నోటి దగ్గర పెట్టాడు. నేను తల తిప్పుకున్నాను.

"ఖాలో భాయ్," అన్నాడు. "ఉధర్ భాభీ భీ కల్ సే కుచ్ నహీ ఖాయీ."

శోభ కూడా నిన్నటి నుంచి ఏమీ తినలేదట.

అతనికి మా పద్ధతి తెలియదు. పాపం, నన్ను తినిపించడానికి అన్నాడు. కానీ మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పుడు తినకుండా కూర్చుంటారో నాకు తెలుసు. శవం గడప దాటేదాకా. నిన్నటి నుంచి తినలేదంటే, నిన్నటి నుంచి అవ్వ వాకిట్లో ఉంది. ఐసు డబ్బాలో పెట్టి ఉంటారు. ఊరంతా అరుగుల మీద కూర్చొని ఉంటుంది. నేను తినకుండా ఉంటే అవ్వ బతికి ఉంటుందనుకున్నాను. నేను చేసింది ఏమిటంటే, ఒక పగలూ ఒక రాత్రీ అవ్వను అలా పడుకోబెట్టాను, శోభను ఆకలితో కూర్చోబెట్టాను. ఏసోబును మొండివాడన్నాను. నేనేమిటి?

సూపర్‌వైజర్‌కు చెప్పి టాక్సీలో రూముకు వచ్చాము, రత్నాకర్, నేను.

"అన్నం పెట్టురా" అన్నాను.

వాడు పెరుగన్నం కలిపి పెట్టాడు. ఎంత పెట్టాలో అంతే పెట్టాడు. నా ముఖంలోకి చూడలేదు. నేను ఒక్కొక్క ముద్దా లెక్కగా తిన్నాను. నీళ్ళతో దించాను. కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాను. వాడు తువ్వాలు అందించి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా ఎదురుగా కింద కూర్చున్నాడు.

"అన్నా, అవ్వ పోయింది. నిన్న పొద్దుగాల, నిద్రల."

బాగా చెప్పాడు. ఒక్క మాటలో చెప్పాడు. నాకు తెలిసిన మాటే, ఆ మాట వినకూడదనే నిన్నటి నుంచి పారిపోతున్నాను. రత్నాకర్ ఏడ్చాడు. నేను ఏడవలేదు. శోభకు ఫోన్ కలపమన్నాను.

శోభ గొంతు బొంగురుపోయి ఉంది. వెనక ఆడవాళ్ళ ఏడుపు.

"తిన్నవా?" అంది.

"తిన్న."

"మొత్తం తిన్నవా?"

"మొత్తం తిన్న."

అప్పుడు ఏడ్చింది. నిన్నటి నుంచి ఊరంతా తిట్టారట, ఇంతసేపు ఉంచుతారా అని. పాలోళ్ళు రెండుసార్లు పాడె కట్టబోతే వాకిట్లో అడ్డం కూర్చుందట. "ఆయనకు తెల్వకుంట ఆమెను గడప దాటనియ్యనన్న. నువ్వు తినకుంటే ఆళ్ళు చెప్పకపాయె. నేనేం జేద్దు?"

"తప్పు నాదే" అన్నాను.

మా పాలోళ్ళ పెద్దాయన ఫోన్ తీసుకున్నాడు. "రాజనర్సూ, నువ్వు రాకపోతివి. కొరివి ఎవరు పట్టాలె? మనోళ్ళల్ల ఒక పోరగాన్ని చెప్పు."

నేను ఆలోచించలేదు. నోట్లోంచి అదే వచ్చింది.

"శోభ పడ్తది."

"ఆడిమనిషా? అత్తకు కోడలా?" అన్నాడు.

"ముప్ఫై ఏండ్లు అవ్వతోని కొట్లాడింది ఆమెనే, మంచాన పడ్డంక ఎత్తి పోసింది ఆమెనే. కొడుకునని నేను చేసిందేం లేదు పెద్దబాపూ. దుబాయ్‌ల కూసున్న. శోభనే పడ్తది. ఇంకొకలు పట్టద్దు."

అవ్వకు ఇది తెలిస్తే ఏమనేదో నాకు తెలుసు. నన్ను కాల్చేటందుకు ఇదే దొరికిందారా నీకు అనేది. అని, వేరేవాళ్ళు పట్టుకుంటే చీపురు తీసేది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సరే. మరి ఎత్తుమంటవా?"

ఎత్తమంటే ఎత్తుతారు. వద్దంటే ఇంకో గంట ఆగుతారు. శోభ ఆపుతుంది. ఆ గంటలో వాకిట్లో మా అవ్వ ఉంటుంది. గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. రత్నాకర్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఎత్తుర్రి" అన్నాను.

సాయంత్రం

డ్యూటీకి పోలేదు. రత్నాకర్, జహాంగీర్ కూడా నా కోసం ఆగిపోయారు. నాలుగింటికి శోభ ఫోన్ చేసింది. అంతా అయిపోయిందట. వాన తుంపర పడిందట, అయినా బాగా అంటుకుందట. కుండ పట్టుకొని ముందు నడుస్తుంటే ఆడవాళ్ళు కొందరు పొలిమేర దాకా వెంట వచ్చారట.

"తిన్నవా?" అన్నాను.

"తిన్న. పక్కింటోళ్ళు అన్నం తెచ్చిన్రు." ముక్కు చీదుకుంది. "కూరల ఉప్పు లేదు. అత్తమ్మ ఉంటే ఆ గిన్నె ఆళ్ళింటికే మళ్ళ పంపేది. నేను సప్పుడు చెయ్యక తిన్న."

నాకు నవ్వొచ్చింది. నవ్వు మొదలుపెట్టాక ఆగలేదు, అది ఏడుపు అని కాసేపటికి గానీ తెలియలేదు. రూములో రత్నాకర్, జహాంగీర్ లేచి బయటికి పోయి తలుపు దగ్గరికి వేశారు. ఫోన్ చేతిలో పట్టుకొని, నోరు తెరుచుకొని, అవ్వా అవ్వా అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. శోభ ఫోన్ పెట్టేయలేదు. ఊరుకో అని కూడా అనలేదు.

"ఏడువు" అంది. "కడుపుల అన్నం ఉన్నది గదా. ఏడువు."